చెయ్యి తీస్తే ఎత్తు అయిపోయినట్టే

ఇంటికి అడ్డంగా గోడ కట్టాలన్న మాట మొదట ఊడిపడింది కొలబద్ద నోట్లోంచే. ఇవాళ ఎంత తియ్యగా మాట్లాడినా, "నాదేముంది అన్నయ్యా, అక్కచెల్లెళ్ళ ఇష్టం" అని ఎన్నిసార్లు చేతులు దులుపుకున్నా ఆ పాపం అతనిదే. తోడల్లుడు అనే మాట కనిపెట్టినవాడికి తోడల్లుడు ఉండి ఉండడని ఆటలాయన నమ్మకం.

కొలబద్ద అన్నది ఆటలాయన పెట్టిన పేరే. అతను ఇళ్ళకు టైల్సు వేయించే కాంట్రాక్టరు. జేబులో ఫోను లేకుండా అయినా వెళతాడేమో గాని, కొలతల టేపు లేకుండా గడప దాటడు. ఈ ఇంటికి చిన్నల్లుడుగా వచ్చిన రోజునే మంచినీళ్ళు తాగుతూ గది మూలలన్నీ కంటితో కొలిచేశాడు. మామగారు చూసి మురిసిపోయారు. "లెక్క తెలిసినవాడు," అన్నారు. పెద్దల్లుడైన ఆటలాయన ఆ రోజే అతనికి ఈ పేరు తగిలించేశాడు.

ఆ మామగారు పోతూ పోతూ ఇల్లు ఇద్దరు కూతుళ్ళకూ ఉమ్మడిగా రాసిపోయారు. రాసినాయన హాయిగా వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళ పనే ఇలా తయారయింది.

పోయిన ఆదివారంతో అసలే నిండిన కుండ పొర్లింది. వీధివైపు ముందుగదిలో ఆటలాయన జనం చేత ఆటలు ఆడిస్తాడు. పిల్లలాటలు కావు. గోడ పొడుగునా అరల్లో పెద్ద పెద్ద పెట్టెలు. రైలుమార్గాలు వేసేవి, పాత రేవుపట్టణంలో సరుకులు బేరమాడేవి, ఊరికి పట్టిన రోగాన్ని నలుగురూ కలిసి తరిమేవి, తేనెటీగలకు పట్టు కట్టించేవి, ఎవరూ చూడని గ్రహం మీద నీళ్ళు పుట్టించేవి. గంటకింత అని ఇచ్చి జనం కూర్చుంటారు. బడి సగంలో మానేసి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కోతమిషను దగ్గర సగం జీవితం నిలబడ్డవాడికి, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగిలింది ఆ గది ఒక్కటే. కొత్త ఆట వస్తే రూల్సు పుస్తకం వేలు పెట్టి మూడుసార్లు చదువుతాడు. ఆ తర్వాత ఇక ఎవడు వాదించినా చెల్లదు.

పోయిన ఆదివారం ఆ గదిలో ఎనిమిదిమంది, తమలో దాక్కున్న ద్రోహిని పట్టుకునే ఆట ఆడారు. గోడకు ఇవతల కొలబద్ద ఫోనులో ఒక పెద్ద కాంట్రాక్టు మాట్లాడుతున్నాడు. "మీరు నన్ను నమ్మండి సార్," అన్నాడట. సరిగ్గా అప్పుడే ఎనిమిది గొంతులు కలిసి, "నమ్మొద్దు! వాడే దొంగ! బయటికి గెంటండి!" అని అరిచాయి.

సారు ఫోను పెట్టేశారు. మళ్ళీ ఎత్తలేదు.

గోడ మాట ఆ పూటే పుట్టింది.

*

ఈ ఆదివారం పొద్దున ఆటలాయన పళ్ళు తోముకుంటూ ఉంటే భార్య వచ్చి గుమ్మానికి ఆనుకుంది. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. ఎదుటి మనిషి చూసేదేదో, చూడనిదేదో ఇట్టే చెప్పగలదని దుకాణంలో ఆమెకు పేరు. ఇంట్లో ఆ పేరుకు విలువ లేదు.

"ఇవాళ పంపకాలకు కూర్చుంటున్నాంగా. ముందే చెల్లిని అడిగెయ్యండి," అంది.

"ఏమని?" నోటినిండా నురుగు.

"ముందుగది నాకు కావాలమ్మా అని. మూడు మాటలు. ఆ నోరు కడుక్కున్నంతసేపు పట్టదు."

ఆటలాయన ఉమ్మి, నోరు పుక్కిలించి, తీరిగ్గా తువ్వాలు అందుకున్నాడు. "కావలసింది పైకి చెబితే అయిపోయామే. వేలంపాటలో ఎవడైనా చెబుతాడా? చెప్పిన మరుక్షణం ధర పెరుగుతుంది."

"ఇది వేలంపాట కాదు. అది నా చెల్లెలు."

"చెల్లెలి పక్కన కొలబద్ద ఉన్నాడుగా! మనకా గది కావాలని తెలిస్తే వాడు దాన్ని పట్టుకుని మేడ, వంటిల్లు, వాకిలి అన్నీ గుంజుతాడు. నాకు వదిలెయ్. నేనొక ఎత్తు వేశాను."

"మీ ఎత్తులు మీ బల్ల దగ్గర వెయ్యండి. ఇంట్లో మనుషుల్లా మాట్లాడుకుందాం."

"నీకు తెలీదులే."

"అవును. నాకేం తెలుసు! ఊరందరి చూపూ సరిచేసి వస్తాను. ఇంట్లో ఉన్నాయనకు అద్దం దొరకదు." ఆమె విసురుగా తిరిగి, మళ్ళీ ఆగింది. "ఒక్క సంగతి. చెల్లి మీ బల్ల దగ్గరికి రావడం మానేసి ఎన్నాళ్ళయిందో గుర్తుందా? ఎందుకు మానేసిందని ఒక్కసారైనా అడిగారా?"

అతను తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నవాడు జవాబు చెప్పనక్కర్లేదు.

గుర్తు లేకేం. మరదలు ఒకప్పుడు ఆ గదిలో అందరికంటే గట్టి ఆటగత్తె. అతను నేర్పిందే. రైళ్ళ ఆటలో ఒకసారి చూసుకోకుండా పట్టాముక్క ఒక గడి అవతల పెట్టి చెయ్యి తీసేసింది. మరుక్షణమే నాలిక కరుచుకుని, "బావా బావా, ఒక్కసారి! అక్కడ కాదు, ఇక్కడ," అంది. ఆటలాయన గోడ మీదికి వేలు చూపించాడు. అక్కడ ఎర్రరంగుతో అతను స్వయంగా రాసిన అక్షరాలున్నాయి. చెయ్యి తీస్తే ఎత్తు అయిపోయినట్టే.

బయటివాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ ఆట ఓడిపోయింది. ఆ తర్వాత కారు నేర్పే పని ఎక్కువైందంటూ రావడం మానేసింది.

రూలంటే రూలు. మరదలికొకటి, ఊరికొకటి ఉంటుందా?

*

నడిగదిలో బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. మరదలు కారు తాళాలు వేలికి తగిలించి తిప్పుతోంది. భార్య తుడిచిన కళ్ళద్దాలే మళ్ళీ తుడుస్తోంది. కొలబద్ద టేపు బయటికి లాగుతున్నాడు, వదులుతున్నాడు. అది సర్రున లోపలికి పోయినప్పుడల్లా ఆటలాయన పళ్ళు జివ్వుమంటున్నాయి.

"దాన్ని కాస్త పక్కన పెడతావా తమ్ముడూ?"

"అలవాటు అన్నయ్యా. మీరు పాచికలు గలగలలాడించడం లేదూ?"

"నేను నీ చెవిలో ఆడించడంలేదు."

"గోడ అవతల ఆడించినా చెవిలోనే పడుతోంది అన్నయ్యా. అందుకే కదా ఈ తిప్పలు."

"మొదలుపెట్టారు," అంది మరదలు. "అక్కా, వీళ్ళిద్దరినీ ఒక సగంలో పడేసి మనం ఇంకో సగంలో ఉందామా?"

"నాకు సమ్మతమే. వంటిల్లు మనవైపు ఉంచుకుందాం. మూడు రోజుల్లో దారికొస్తారు."

అక్కచెల్లెళ్ళు నవ్వుకున్నారు. మగవాళ్ళకు అందులో నవ్వు కనపడలేదు.

ఆటలాయన గొంతు సవరించుకుని, ఒడిలోంచి అట్టముక్కలు తీసి బల్లమీద పరిచాడు. ఒక్కో గదికి ఒక్కో ముక్క, గీసి, కోసి, రంగు కూడా వేశాడు. స్నానాలగదులకు నీలం రంగు చెక్కబిళ్ళలు, మెట్లకు పసుపువి. ముక్కల అంచులు కత్తితో తెగినంత నున్నగా ఉన్నాయి. ఎంతైనా కోతమిషను చెయ్యి.

"పేచీ లేని పద్ధతి ఇది," అన్నాడు. "ఒకరు కోస్తారు, ఇంకొకరు ఏరుకుంటారు. ఇల్లంతా నేను రెండు వాటాలుగా వేస్తాను. ఏది కావాలో మీరు తీసుకోండి. నేను అన్యాయంగా కోస్తే నష్టం నాకే. ఆటల్లో ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదు."

కొలబద్ద అనుమానంగా చూశాడు. "ఏరుకునేది మేమేనా?"

"మీరే."

"తర్వాత మాట మార్చరుగా?"

"నేనా! మాట మార్చేవాడిలా కనబడుతున్నానా?"

"చిన్నప్పుడు అక్క పండు కోసేది, నేను ఏరుకునేదాన్ని," అంది మరదలు. "ఎప్పుడూ పెద్ద ముక్కే తీసుకునేదాన్ని. టెంకంతా అందులోనే ఉండేది."

"కోయడం నాన్న నేర్పారు. టెంక నా సొంత తెలివి," అంది భార్య. కాని అంటూనే మొగుడి వైపు అదోలా చూసింది. ఆ టెంక మాట ఆటలాయనకు నచ్చలేదు.

అతను ముక్కలు సర్దడం మొదలుపెట్టాడు. మేడమీది రెండు గదులూ ఒకవైపు జరిపాడు. వాటిని ఆనుకుని వాకిలంత డాబా. కొత్త స్నానాలగది. ఆఖరికి వంటిల్లు కూడా ఆ కుప్పలోనే పెట్టాడు.

భార్య తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది. "వంటిల్లా?"

"ఉండవే."

"వంటిల్లు వాళ్ళకు పోయే వాటాలో పెడుతున్నారా? మరి మనం తినేది చెక్కబిళ్ళలా?"

"కుప్పలు వేస్తున్నాను. ఎవరికి ఏది పోతుందో ఎవరికి తెలుసు? నువ్వు కాసేపు ఊరుకో."

రెండో కుప్పలో నడిగది, దాని వెనక చెమ్మ పట్టిన చిన్నగది, కుళాయి ఎంత బిగించినా ధార ఆగని పాత స్నానాలగది, మెట్లకింద చీకటి కొట్టు. వాటి పక్కన, ఏదో మరిచిపోయింది తోసేసినట్టు, ముందుగది ముక్కను చిటికెనవేలితో నెట్టాడు. నెట్టి, తల పైకెత్తి ఫ్యాను వైపు చూశాడు.

ఇదీ అతని ఎత్తు. మతి ఉన్నవాడెవడూ చెమ్మగోడ, కారే కుళాయి కోరి తెచ్చుకోడు. కొలబద్ద మేడ మీద పడతాడు. మరదలు వంటింటి మీద పడుతుంది. ముందుగది ఎవరూ ముట్టని కుప్పలో గువ్వలా తన ఒళ్ళో వాలుతుంది. అడగక్కర్లేదు, బతిమాలక్కర్లేదు, కొలబద్దకు దణ్ణం పెట్టక్కర్లేదు.

"డాబా మాత్రం భలే గాలి," అన్నాడు ఫ్యానుతో మాట్లాడుతున్నట్టు. "సాయంత్రాలు అక్కడ కుర్చీ వేసుకుంటే ఆ సుఖమే వేరు. వంటిల్లు కూడా విశాలం. పోతే పోయింది. ఏం చేస్తాం!"

కొలబద్ద టేపు పక్కన పెట్టేశాడు. అతని కళ్ళు అప్పటికే డాబా మీద నడుస్తున్నాయి. "మనం పైన... పైన తీసుకుందామే. కొత్త టైల్సు వేస్తాను. ఆ వెనక చెమ్మ పోవాలంటే గోడంతా పగలగొట్టాలి, నా వల్ల కాదు."

మరదలు తాళాలు తిప్పడం ఆపేసింది. ముక్కల్ని చూడ్డం లేదు. బావను చూస్తోంది.

"ఏంటలా చూస్తావు?" అన్నాడు ఆటలాయన.

"ఏం లేదు బావా. కారు నేర్చుకునేవాళ్ళ దగ్గర మేం పక్కసీట్లో కూర్చుని రోడ్డు చూడం, తెలుసా? వాళ్ళ కళ్ళు చూస్తాం. గుంట వంక చూసేవాడు గుంటలోకే పోనిస్తాడు. చూపెటో బండి అటే."

"అయితే?"

"నువ్వు ఇందాకణ్ణించి డాబా చూశావు. వంటిల్లు చూశావు. కారే కుళాయి కూడా చూశావు. ఫ్యాను చూశావు. అది వాటాల్లో లేదు కూడా."

భార్య గుడ్డ మడతపెట్టి బల్లమీద ఉంచింది. గది ఒక్కసారిగా చిన్నదైపోయినట్టనిపించింది ఆటలాయనకు.

"వేలంపాట ఆటలోనూ ఇంతేగా నువ్వు," మరదలు నవ్వకుండా అంది. "నీకు కావలసిన ముక్క వంక ఛస్తే చూడవు. నిన్ను గెలవాలంటే నువ్వు చూడనిది పాడితే చాలు. ఎన్నాళ్ళు నీ ఎదురుగా కూర్చున్నాను! ఆమాత్రం తెలీదా?"

చెయ్యి చాపి ముందుగది ముక్క మీద అరచెయ్యి బోర్లించింది.

"ఈ కుప్ప," అంది.

"అదేంటే!" కొలబద్ద కుర్చీలోంచి సగం లేచాడు. "నీకేమన్నా పిచ్చా? వంటిల్లు లేదు, డాబా లేదు, చెమ్మ! ఆ చెమ్మ! అన్నయ్యా, మీరైనా చెప్పండి. అది ఊరికే మీ మీద పంతానికి అంటోంది."

"నువ్వు కూర్చోవయ్యా. ఏరుకునేది నేను. ఇల్లు మా నాన్నది."

"టైల్సు వేసేది నేనేగా!"

"వెయ్యకు. నీళ్ళలోనే ఉందాం."

కొలబద్ద చతికిలబడ్డాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి తోడల్లుళ్ళిద్దరి మొహాలూ ఒకేలా ఉన్నాయి.

మరదలి చెయ్యి ముక్క మీదే ఉంది. అది ఎత్తలేదు. బావ కళ్ళలోకే చూస్తోంది.

"చెయ్యి ఇంకా తియ్యలేదు బావా," అంది. ఈసారి గొంతు మారింది. దెప్పిపొడుపు లేదు అందులో. "రూలు ప్రకారం ఎత్తు ఇంకా కాలేదు. నాకేమైనా చెప్పాలని ఉందా?"

ఆటలాయనకు అర్థం కాకపోలేదు. భార్య పొద్దున చెప్పిన మూడు మాటలూ గొంతు దాకా వచ్చి వరసగా నిలబడ్డాయి. ముందుగది నాకు కావాలమ్మా. ఒక్కోటీ అట్టముక్కంత తేలిక. తోసేస్తే బల్లమీద పడతాయి.

కాని ఎదురుగా కొలబద్ద ఉన్నాడు. ఇవాళ నోరు తెరిస్తే రేపటినుంచి వీధంతా ఇదే కథ. తన ఆటలో తనే ఓడి మరదలిని బతిమాలుకున్నాడు ఆటలాయన! రూల్సు ఊరందరికీ వల్లించి తనకు వచ్చేసరికి అడుక్కున్నాడు!

"ఏమండీ," అంది భార్య నెమ్మదిగా. బల్లకింద ఆమె మోకాలు అతని మోకాలికి తగిలింది. కావాలనే తగిలింది.

అతను మోకాలు జరుపుకున్నాడు.

"చెప్పడానికేముంది!" అన్నాడు. "ఆటంటే ఆటే. నీకు నచ్చింది ఏరుకున్నావు. నాకు మేడ వచ్చింది, వంటిల్లు వచ్చింది, నేనే లాభపడ్డాను. చెయ్యి తియ్యి."

మరదలు ఇంకొంచెంసేపు చూసింది. అక్కవైపు తిరిగింది. అక్క తల వంచుకుంది.

చెయ్యి తీసింది.

"నువ్వు అడుగుతావనుకున్నాను," అంది లేస్తూ. "ఆ గది ఇచ్చేద్దామని పొద్దున్నే అనుకున్నాం, నేనూ అక్కా. నువ్వడిగితే చాలు, సంతోషంగా ఇచ్చేదాన్ని. ఆ రోజు నేనడిగానే, ఒక్కసారి అని... అలా అడగడం నీకు కూడా వస్తుందేమో చూద్దామనుకున్నాను. అంతే."

"అనుకున్నారా?" ఆటలాయన భార్య వైపు తిరిగాడు. "నువ్వూ? ముందే తెలుసా నీకు?"

"పొద్దున పళ్ళు తోముకుంటుంటే వచ్చి చెప్పింది ఎవరికనుకున్నారు? అద్దానికా?" ఆమె కళ్ళజోడు పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. ఆ వంటిల్లు ఇప్పుడు పూర్తిగా ఆమెదే. లోపల ఏదో గిన్నె పెద్ద చప్పుడుతో పడింది. పడిందో, పడేసిందో.

అట్టముక్కలు బల్లమీద అలాగే ఉన్నాయి. ఒకటి వెనక్కి లాక్కుందామని అతని వేళ్ళు కదిలాయి. నడిగది తలుపులోంచి ముందుగది గోడ కనబడుతోంది. ఆ గోడ మీద ఎర్రరంగు అక్షరాలు కొట్టొచ్చినట్టు మెరుస్తున్నాయి. వేళ్ళు ముడుచుకున్నాయి.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. మధ్యాహ్నం ఆటకు రావలసినవాళ్ళు ముందే వచ్చేశారు. "ఆటలాయనా! తలుపు తియ్యి! ఇవాళ కొత్తదేదో చెప్తానన్నావుగా!" అని నవ్వులు, గుసగుసలు.

మరదలు తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. గది ఆమెది. తీయాలో వద్దో ఆమె ఇష్టం. ఆ చూపు అతనికి మళ్ళీ అదే ప్రశ్న వేస్తోంది.

ఆ మూడు మాటలూ అనేద్దామని ఆటలాయన నోరు తెరిచాడు.

ఈలోగా కొలబద్ద తప్పదన్నట్టు నిట్టూర్చి లేచాడు. వాటాకొచ్చిందాన్ని ఎలాగూ కొలవాలి. టేపు కొస ముందుగది మూలకు ఆనించి అరల పక్కనుంచి సర్రున లాక్కుంటూ వెళ్ళాడు. వంగి చూసి, ఇంటిల్లిపాదికీ వినబడేలా అంకెలు చదివాడు.

పొడవు పదమూడడుగుల రెండంగుళాలు. వెడల్పు పదకొండడుగులు.